ఈ కోడి ఏ జాతి?

జగదల్‌పూర్‌కు తూర్పున, ఒడిశా సరిహద్దుకు చేరువలో నగర్‌నార్ ఉంది. 2023లో ఉక్కు కర్మాగారం ప్రారంభమైన ఈ ఊరికి ఉద్యోగరీత్యా వెళ్లిన ఒక తెలుగు కుటుంబం బస్తర్ వారపు సంతలో నాలుగు పెట్టలను కొని పెరట్లో వదిలిందనుకుందాం. ఒకటి నిలువెల్లా నలుపు. రెండవది పొడుగాటి కాళ్లతో, నిక్కిన మెడతో పోలీసు జమేదారులా నడుస్తుంది. మూడవది బొద్దుగా, ఎర్రని గోధుమవన్నెలో ఉంటుంది. నాలుగవది బహు చిన్నది. మనిషి అలికిడి వింటే కొమ్మెక్కుతుంది. అమ్మినవాడు మూడింటిని ‘దేశీ’ అన్నాడు. నల్లదానిని మాత్రం ‘కడక్‌నాథ్’ అని చెప్పి రెట్టింపు ధర పుచ్చుకున్నాడు. నిజమేనా?

కోడిని చూడగానే కాకి, డేగ, సేతువ, పర్ల అని చెప్పగల ఘనులు గోదావరి జిల్లాలలో నేటికీ ఉన్నారు. అయితే కుక్కుటశాస్త్రం చెప్పే ఈ పేర్లు వన్నెకు సంబంధించినవేగాని జాతికి సంబంధించినవి కావు. ఒకే తల్లి పిల్లలలో మూడు వన్నెలు కనిపించవచ్చు. ఉత్తరాది పందెగాండ్రు చెప్పే పీలా, కాగర్, నూరీ కూడా ఇటువంటివే. రంగును బట్టి జాతిని నిర్ణయించడం, చీరను చూసి ఇంటిపేరు చెప్పడం వంటిది.

చూడవలసినవి జుట్టు, కాళ్లు, నిలబడే తీరు, అన్నిటికీ మించి నడవడి. పొడుగుకాళ్ల పెట్టకు బఠాణీ గింజలు పేర్చినట్లు చిన్న జుట్టు ఉండి, గొంతు కింద తమ్మెలు దాదాపు లేకపోతే, అది అసీల్ కావడానికి ఎంతో అవకాశం ఉంది. కర్నాల్‌లోని జాతీయ పశు జన్యువనరుల సంస్థ ఈ జాతికి పుట్టినిళ్లుగా ఛత్తీస్‌గఢ్, ఒడిశా, ఆంధ్రప్రదేశ్‌లను పేర్కొంటున్నది. అనగా, నగర్‌నార్‌లో పరాయిదిగా తోచిన ఈ పెట్ట మన పల్లెల ఆడపడుచే! దీని వద్ద గుడ్లు విరివిగా ఆశించరాదు. పిల్లలను సాకడంలో మాత్రం దీనికి మంచి పేరుంది.

నల్లకోడి సంగతి చిక్కైనది. కడక్‌నాథ్ స్వస్థలం మధ్యప్రదేశ్‌లోని ఝాబువా ప్రాంతం. దీని మాంసానికి భౌగోళిక సూచిక కోసం బస్తర్ సీమలోని దంతెవాడ కూడా పోటీపడింది. 2018లో ఆ గుర్తింపు ఝాబువాకే దక్కింది. ఈ జాతికి చర్మం, మాంసం, ఎముకల పైపొర సైతం నల్లగా ఉంటాయి. గుడ్డు మాత్రం నలుపు కాదు, లేత గోధుమవన్నె. నల్లగుడ్డు చూపి అమ్మేవాడు రంగు పూసినవాడే. చైనాలోని పట్టుకోడిది కూడా ఇదే నలుపు. ఈ లక్షణం వంశపారంపర్యంగా ప్రబలమైనది కనుక నాటుకోడితో సంకరమైన పిల్లలలోనూ నలుపు బయటపడుతుంది. నాలుక, జుట్టు, అరికాళ్లు ముదురు వర్ణంలో లేకపోతే అనుమానించవచ్చు. ఉన్నంతమాత్రాన శుద్ధజాతి అనడానికి వీలులేదు.

బొద్దు పెట్ట బహుశా హైదరాబాద్ రాజేంద్రనగర్‌లోని కోళ్ల పరిశోధనా సంస్థ రూపొందించిన వనరాజా కావచ్చు. నాటుకోడిలా కనిపించే ఈ సంకర రకం త్వరగా పెరుగుతుంది. దీని సంతతికి మాత్రం ఆ గుణాలు యథాతథంగా రావు. పొదగాలన్న కోరికా తక్కువే. ఇటువంటి పుంజులను ఊరి మందలో స్వేచ్ఛగా వదిలితే, పొదిగి పిల్లలను లేపే నాటు పెట్టలు క్రమేణా కరువవుతాయి. అంగట్లో ఏటా పిల్లలను కొనగలిగిన ఇంటికి ఇది పెద్ద లోటు కాదు. గంప కింద నాలుగు కోళ్లే నిలవధనంగా బ్రతికే ఆదివాసీ ఇంటికి మాత్రం నష్టమే.

ఇక కొమ్మెక్కే చిన్నది. కోళ్లన్నిటికీ మూలం ఎర్ర అడవికోడి అని డార్విన్ భావించాడు. 2020లో వెలువడిన జన్యుపరిశోధన కూడా దాదాపు అదే చెప్పింది. పసుపుపచ్చని కాళ్లనిచ్చే గుణం మాత్రం దక్షిణ భారతపు బూడిదరంగు అడవికోడి నుండి వచ్చినట్లు 2008లో తేలింది. నాలుగవ పెట్ట కాళ్లు నీలి బూడిదవన్నెలో ఉండి, జుట్టు కంటికి ఆనకపోతే, అడవిరక్తం ఉందేమోనని ఆలోచించవలసిందే. అసలైన అడవికోడిని పట్టడం చట్టరీత్యా నేరమని మరువరాదు.

ఇంతకూ ఈకను చూసి, ఫోటోను చూసి కచ్చితంగా జాతిని తేల్చగలవారు లేరు. తల్లిదండ్రులను చూడడం అంతకంటే మేలు. వచ్చేవారం సంతలో ఆ అమ్మకందారు కనిపిస్తే, “దీని తల్లి ఏ ఊళ్లో ఉంది?” అని అడగాలి. ఈలోగా కొత్త పెట్టలను రెండు మూడు వారాలు పాతవాటికి దూరంగా ఉంచి, కొక్కెర తెగులుకు టీకా వేయించాలి. ఆ తెగులు జాతి చూడదు.