ఈకలు పెఱికికొను చిలుక

పంజరములోని చిలుక తన ఱొమ్ముమీది ఈకలను తానే పెఱికి పాఱవైచుచుండును. అడుగున పఱచిన కాగితముమీద ప్రతి యుదయమును అవి కుప్పవడి కనబడును. ఇంటివారిలో నొకరు దృష్టి తగిలినదందురు. ఒకరు పేలు పట్టినవందురు. వేఱొకరు వేపనూనె పూయుమందురు. శ్రోతలు ముందుగా ఆ నూనెసీసాను దూరముగా నుంచవలెనని నా మనవి. నూనె యంటిన ఈకలు ముద్దకట్టి శరీరపు వేడిని నిలుపజాలవు. పైగా పక్షి ఈకలు దువ్వుకొనునప్పుడు ఆ నూనె కడుపులోనికిని పోవును.

ఇది పెఱుకుటయా, సహజముగా రాలుటయా యని మొదట చూడవలెను. పాత ఈకలు రాలి క్రొత్తవి మొలచుట పక్షిజాతి కంతకును ఉన్నదే. అప్పుడు సాధారణముగా చర్మము బోడిగా బయటపడదు. ఱొమ్మును, తొడలును బోడియై, తలమాత్రము నిండుగా నున్నచో అది దాని పనియే. ఏలయన దాని ముక్కునకు అందనిది దాని తల యొక్కటియే గదా! తలయు బోడియైనచో తోడిపక్షి పెఱికియుండును, లేదా ఈకల మొదళ్లను చెఱచు వ్యాధి యేదైన నుండవచ్చును.

పెఱుకుటను చూడగానే పక్షికి విసుగు పుట్టినదని తేల్చివేయుట ఇటీవల మిక్కిలి వాడుకయైనది. అది తొందరపాటు. చర్మమునందలి క్రిములు, కాలేయరోగము, జస్తాపూత గల తీగెలను కొఱుకుటచే నెక్కిన విషము, పొద్దుతిరుగుడు గింజలే మేపుటవలన ఏర్పడు 'ఎ' విటమిను లోపము, వీనిలో నేదైనను కారణము కావచ్చును. కావున పక్షివైద్య మెఱిగిన పశువైద్యునిచే రక్తమును, రెట్టను పరీక్షింపజేయవలెను.

దేహమున దోషము లేదని తేలినపిమ్మట మనస్సు మాట. ఆఫ్రికా దేశపు బూడిదవన్నె చిలుకలకును, కాకటూలకును ఈ యలవాటు మెండు. (మన రామచిలుకను పంజరమున నుంచుటయే 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టమునకు విరుద్ధము.) అడవిలో చిలుక పగటిలో చాల భాగము మేత వెదకుటయందే గడపును. ఇంటిలోనో, గిన్నెనిండ గింజలు పోయుదుము. దాని పని కొద్దిసేపటిలో ముగియును. మిగిలిన పగలంతయు ఆ ముక్కు ఏమి చేయవలెను? అమెజాను చిలుకలపై కాలిఫోర్నియాలో జరిగి 2003లో ప్రకటింపబడిన పరిశోధనలో, మేతను వెదకి తీసికొనునట్లు ఏర్పాటు చేసి, ఎక్కి తిరుగుటకు వస్తువులు అమర్చిన పంజరములలోని పక్షుల ఈకలు, ఏమియు లేని పంజరములలోని వానికన్న బాగుగా నిలిచినవి. అంతేకాదు, ఈకలు చెఱుపుకొన్నవానిని గూడ తరువాత అట్టి పంజరములలోనికి మార్చగా అవియు తేఱుకొన్నవి.

ఇందుకు ఖర్చేమియు లేదు. గింజలను కాగితపు పొట్లములలో చుట్టి యీయవచ్చును. మొక్కజొన్న పొత్తును పొట్టతోడనే వ్రేలాడగట్టవచ్చును. మునగాకు, కారెట్టు, బొప్పాయి దినము మార్చి దినము పెట్టుడు. వారమునకు రెండు మూడు మాఱులు నీళ్లు సన్నగా చిలుకరింపుడు. రాత్రి పది పండ్రెండు గంటలు చీకటియు, నిశ్శబ్దమును ఉండవలెను.

ఈక పెఱుకగానే పరుగెత్తి కేకలు వేయకుడు. ఒంటరిపక్షికి అది శిక్ష కాదు, తోడు దొరకుటయే. ఊరకున్నప్పుడు పలుకరింపుడు. మెడకు పట్టె వేయుట, అది తన మాంసమునే గాయపఱచుకొనునప్పుడు వైద్యుడు చెప్పినగాని చేయరాదు.

నెలల తరబడి పెఱికిన చోట ఈక మొలచు గుంటలు చెడిపోయి మఱి మొలవకపోవచ్చును. అందుచేత బోడిమచ్చ కనబడిన వారములోనే వైద్యునియొద్దకు కొనిపోవలెను.