మీటల పట్టికయు గుంజాల గోండిలిపియు

ఆదిలాబాదు జిల్లాలోని గుంజాల గ్రామమున గోండిభాషకుఁ జెందిన వ్రాఁతప్రతులు సుమారు పండ్రెండు లభించినవి. ఆచార్య జయధీర్ తిరుమలరావుగారి నాయకత్వమున హైదరాబాదు విశ్వవిద్యాలయ పరిశోధకులు వానిని వెలుఁగులోనికిఁ దెచ్చిరి. ఆ ప్రతులలోని లిపికి గ్రామనామమునుబట్టి గుంజాల గోండిలిపి యను పేరు నిలిచినది. 2014లో దీనికిఁ దొలి ఫాంటు వెలువడెను. 2018లో యూనికోడు పదునొకండవ కూర్పున స్థానము లభించెను. గోండిభాషకు వేఱొక లిపియుఁ గలదు. దానిని 1918లో బాలాఘాటు ప్రాంతమున మున్షీ మంగళ్‌సింగ్ మసారాము కల్పించెను. అది 2017లో యూనికోడునఁ జేరినది. ఈ రెంటిని ఒక్కటిగా నెన్నరాదు.

లిపికి సంకేతసంఖ్యలును ఫాంటును ఏర్పడినంతమాత్రమున వ్రాఁతపని సాగదు. వ్రేలు మీటపైఁ బడినపుడు ఏ యక్షరము పుట్టవలయునో నిర్ణయించు పట్టిక యొకటి కావలెను. అది లేనిచో ప్రతిని సిద్ధపఱచువారు దానిని తెలుఁగులోనికో దేవనాగరిలోనికో మార్చి వ్రాసికొందురు. లేదా ఛాయాచిత్రములతోఁ దృప్తిపడుదురు. మొదటి త్రోవలో మూలమందలి లేఖనభేదములు మఱుఁగుపడును. రెండవ త్రోవలో ఒక పదమును వెదకి పట్టుటకు వీలుండదు. కాఁబట్టి మీటల పట్టిక యంత్రనిపుణుల వ్యవహారము మాత్రమే కాదు, గ్రంథపరిష్కర్తల వ్యవహారము కూడ. యూనిక్సు తెగకుఁ జెందిన లినక్సు కంప్యూటరున దానిని ఎట్లు కూర్పవచ్చునో యిట వివరింతుము.

మీటపై ముద్రించిన యక్షరమునకును తెరపైఁ గానవచ్చు అక్షరమునకును సహజసంబంధ మేమియు లేదు. మీట నొక్కఁగా యంత్రమున కందునది దాని స్థానమును దెలుపు సంఖ్య మాత్రమే. ఎక్స్‌కేబీ యను వ్యవస్థ ఆ సంఖ్యకు ఒక స్థాననామము నిచ్చును. అంకెల వరుసకు ‘ఏఈ’, దాని క్రిందిదానికి ‘ఏడీ’, నడిమి వరుసకు ‘ఏసీ’, దిగువ వరుసకు ‘ఏబీ’ యని గుర్తులు. వాని వెంట ఎడమనుండి లెక్కించిన వరుససంఖ్య యుండును. ఇంగ్లీషు ‘కే’ మీట నడిమి వరుసలో ఎనిమిదవది గావున దాని నామము ‘ఏసీ08’. సంకేతముల ఫైలులో ప్రతి నామమున కెదుట అక్షరములు వరుసగా వ్రాయఁబడి యుండును: మొదటిది మీటను ఊరక నొక్కినపుడు, రెండవది షిఫ్టుతో నొక్కినపుడు, మూఁడవది కుడి ఆల్టుతో నొక్కినపుడు పుట్టును. ఈ ఫైలు సామాన్యమైన పాఠము, చదువవచ్చును, దిద్దవచ్చును.

ఇఁక లిపిని చూతము. యూనికోడున గుంజాల గోండికి 63 సంకేతములు గలవు: అచ్చులు 10, హల్లులు 30, అచ్చుల గుర్తులు 9, అనుస్వార విసర్గ విరామములు 3, ఓంకారము 1, అంకెలు 10. ఎకార ఒకారములందు హ్రస్వదీర్ఘభేదము లేదు. ఞ, ణ, శ, ష లకు సమానమైన యక్షరములు లేవు. హల్లుల క్రమము మన వర్ణమాలవలె కకారముతో మొదలుకాక య, వ, బ, భ, మ, క, ఖ అని సాగును. సంకేతసంఖ్యలు సయితము ఆ క్రమముననే పేర్పఁబడినవి.

ఆ యక్షరములను మీటలపై నే క్రమమున నుంచవలెను? లిపికిఁ గల స్వీయక్రమమునే మీటల వరుసలపైఁ బఱచుట యొక మార్గము. అది లిపికి గౌరవమువలెఁ దోఁచును గాని వ్రాయువారికి శ్రమ. వర్ణక్రమము నిఘంటువునకును సూచికకును సంబంధించినది. దానిని సంకేతసంఖ్యలు ఇదివఱకే కాపాడుచున్నవి. మీటలక్రమము వ్రేళ్ల యలవాటునకు సంబంధించినది. ఆదిలాబాదున గోండి వ్రాయువారిలోఁ బెక్కురు తెలుఁగున చదువుకొన్నవారు. కావున 1991లో భారతీయ ప్రమాణముల సంస్థ ప్రకటించిన 13194వ ప్రమాణమునఁ జేరిన ఇన్‌స్క్రిప్టు క్రమము నవలంబించుట మేలు. అందు అచ్చుల గుర్తులు ఎడమచేతికిని, హల్లులలోఁ బెక్కు కుడిచేతికిని వచ్చును. అల్పప్రాణము ఊరక నొక్కినపుడును, మహాప్రాణము షిఫ్టుతోను పుట్టును. భారతీయలిపులన్నింట ఒకే ధ్వని ఒకే స్థానమున నుండుట దీని గుణము. తెలుఁగు వ్రాయు వ్రేళ్లకుఁ గోండి వ్రాయుటకుఁ గ్రొత్త యభ్యాస మక్కఱలేదు.

ఉదాహరణమునకు, ‘ఏసీ08’ కెదుట తెలుఁగు పట్టికలో క, ఖ లుండును. గోండి పట్టికలో నా చోటనే గోండి కకార ఖకారముల సంకేతములు వ్రాయవలెను. పదునాఱింటి లెక్కలో అవి 11డి71, 11డి72. ఒక్కొక్కదానికి ముందు ‘యు’ అను రోమను అక్షరమును జేర్పవలెను. విరామము ‘డి’ మీటపై నుండును. క, విరామము, క అని వరుసగా నొక్కిన ద్విత్వము సిద్ధించును. సంయుక్తరూపమును దిద్దు పని ఫాంటుది, పట్టికది కాదు. ఓంకారమును కుడి ఆల్టుతోఁ బుట్టింపఁ గోరినచో మూఁడవ స్థాయిని తెఱచు భాగమును సయితము ఫైలులో పేర్కొనవలెను.

హ్రస్వ ఎకార ఒకారములును, ఞ, ణ, శ, ష లును ఉండు చోటులు గోండి పట్టికలో నూరక మిగులును. వానిని వేఱక్షరములతో నింపరాదు. అట్లు నింపినచో తెలుఁగు వ్రేళ్ల యలవాటు అచటఁ దప్పును. అంతేకాక, మూలమున లేని ధ్వని లేదని తెలుపుట కూడ పట్టిక పనియే.

ఫైలును నెలకొల్పుటలోఁ గొంత జాగ్రత్త వలయును. వేలెండ్ పద్ధతిపై నడచు కంప్యూటరులలో దానిని వాడుకరి సొంత డైరెక్టరీలోని ‘.కాన్ఫిగ్’ అను భాగమున, ‘ఎక్స్‌కేబీ’ లోని ‘సింబల్స్’ నందు ఉంచవచ్చును. వ్యవస్థ ఫైలులను ముట్ట నక్కఱలేదు. పాత ఎక్స్ పద్ధతి యా చోటును చూడదు గావున, అందు ‘ఎక్స్‌కేబీకాంప్’ అను సాధనముచే పట్టికను ఎక్కింపవలెను. అట్లెక్కించినది ఆ కూర్చుండుటకే చెల్లును. బయటికి వచ్చి మరల లోనికిఁ బోయిన మునుపటి స్థితి వచ్చును. కావున మొదట నట్లు పరీక్షించుట క్షేమము. ఎప్పుడును ఇంగ్లీషు పట్టికను మొదటిదిగాను, గోండిని రెండవదిగాను ఉంచి, ఒకదానినుండి మఱొకదానికి మాఱుటకు రెండు మీటల కలయిక నొకదానిని నియమింపవలెను. గోండి మాత్రమే యున్నచో ఇంగ్లీషున నుండు రహస్యపదమును వ్రాయలేక సొంత యంత్రమే వాకిలి మూయును.

తుదిమాట యొకటి. వ్రాఁతప్రతిని పరిష్కరించువారు ప్రతులకు సంకేతములు పెట్టి, వాని వివరమును పీఠికలో నిత్తురు. ఇఁకమీఁద గోండి గ్రంథమును ప్రకటించువారు తాము వాడిన మీటల పట్టికను సయితము అనుబంధముగా నిచ్చుట మంచిది. అది యొక చిన్న ఫైలు; అచ్చున నొక పుట మించదు. దానిచేత ఉట్నూరున వ్రాసినవారికిని కరీంనగరున సరిచూచువారికిని నడుమ ఒక్క యక్షరమైనను మాఱక, గుంజాల లేఖకులు వ్రాసినది వ్రాసినట్లే నిలుచును.