అక్వేరియం నీళ్లు పచ్చబడుతున్నాయా? ఫిల్టర్ కన్నా ముందు ఫాస్ఫేట్ సంగతి చూడండి

పిల్లలు పట్టుబడితే ఇంటికి వచ్చే వాటిలో అక్వేరియం ఒకటి. మొదటి నెల నీళ్లు తేటగా ఉంటాయి. రెండో నెలకు అద్దాల మీద పాకురు పడుతుంది. మూడో నెలకు నీళ్లే పచ్చగా మారతాయి. అప్పుడు చాలా ఇళ్లలో ఒకే పని చేస్తారు. చేపలన్నిటినీ బకెట్‌లోకి తీసి, తొట్టిని, ఫిల్టర్‌ను నల్లా కింద శుభ్రంగా కడిగి, మొత్తం కొత్త నీళ్లు పోస్తారు. వారం తిరక్కుండానే ఒకటి రెండు చేపలు పోతాయి. పిల్లలు ఏడుస్తారు, తొట్టి అటక ఎక్కుతుంది.

ఇది పిల్లల తప్పు కాదు, చేపల తప్పూ కాదు. నీటిలో కంటికి కనిపించకుండా పేరుకునే ఫాస్ఫేట్‌ను అర్థం చేసుకుంటే తొట్టి ఏళ్ల తరబడి నిలుస్తుంది. ఏడో తరగతి పిల్లలకు కూడా అర్థమయ్యే సైన్సే ఇది.

ఫాస్ఫేట్ అంటే ఏమిటి?

ఎరువుల గురించి రామగుండం వాళ్లకు వేరే చెప్పనక్కర్లేదు. 2021లో ఉత్పత్తి మొదలుపెట్టిన ఆర్.ఎఫ్.సి.ఎల్. కర్మాగారంలో తయారయ్యేది యూరియా. అది మొక్కకు నత్రజనిని ఇస్తుంది. డీఏపీ బస్తా మీద 18-46 అని రాసి ఉంటుంది. అందులో 18 నత్రజని లెక్క, 46 భాస్వరం లెక్క. ఆ భాస్వరం నీటిలో కరిగి ఉండే రూపమే ఫాస్ఫేట్. పొలంలో వరికి పనికొచ్చే ఆ ఎరువే తొట్టిలో పాకురుకూ పనికొస్తుంది.

భాస్వరానికి ఇంత బలం ఉందా అనే అనుమానానికి 1973లో కెనడాలో జవాబు దొరికింది. డేవిడ్ షిండ్లర్ అనే శాస్త్రవేత్త బృందం 226వ నంబరు సరస్సును మధ్యలో తెర కట్టి రెండు భాగాలు చేసింది. రెండు వైపులా కార్బన్, నత్రజని కలిపారు. ఒక వైపు మాత్రం భాస్వరం కూడా కలిపారు. భాస్వరం పడిన సగం పచ్చగా మారింది, రెండో సగం తేటగానే ఉంది.

మామూలు మోతాదులో ఫాస్ఫేట్ చేపలకు నేరుగా విషం కాదు. దాన్ని తిని పెరిగే నాచుతోనే చిక్కు. నాచు పగలు ఆక్సిజన్ ఇస్తుంది, రాత్రి తిరిగి తీసుకుంటుంది. చచ్చి కుళ్లినప్పుడు ఇంకా ఎక్కువ ఆక్సిజన్ ఖర్చవుతుంది. తెల్లవారుజామున చేపలు పైకి వచ్చి నోళ్లు తెరుస్తుంటే కారణం ఇదే కావచ్చు. పైగా వేడి నీటిలో ఆక్సిజన్ తక్కువగా కరుగుతుంది. 20 డిగ్రీల నీటిలో లీటరుకు సుమారు 9 మిల్లీగ్రాములు పడితే, 35 డిగ్రీల్లో సుమారు 7 మాత్రమే. గోదావరిఖని ఎండాకాలంలో తొట్టికి ఇది గట్టి పరీక్ష.

ఎక్కడి నుంచి వస్తోంది?

ఎక్కువ భాగం మన చేతి నుంచే. ఒక లెక్క చూడండి. రెండడుగుల పొడవు, అడుగు వెడల్పు, అడుగు ఎత్తు ఉన్న తొట్టిలో రాళ్లు, ఇసుక పోను సుమారు 50 లీటర్ల నీళ్లు పడతాయి. మేతలో 1 శాతం భాస్వరం ఉందనుకుందాం. అంటే 1 గ్రాము మేతలో 10 మిల్లీగ్రాముల భాస్వరం. ఫాస్ఫేట్‌గా లెక్కిస్తే అది దాదాపు 30 మిల్లీగ్రాములు. ఆ గ్రాము మేత తినకుండా కుళ్లిపోతే లీటరుకు 0.6 మిల్లీగ్రాములు చేరినట్టే. ‘పాపం, ఆకలిగా ఉందేమో’ అని అమ్మ ఒకసారి, నానమ్మ ఒకసారి, పిల్లలు రెండుసార్లు వేస్తే ఎంత పేరుకుంటుందో మీరే ఊహించండి.

చేపల విసర్జన, కుళ్లిన ఆకులు, నెలల తరబడి కడగని ఫిల్టర్‌లోని మడ్డి కూడా దీనికి తోడవుతాయి.

ఫిల్టర్‌లో ఏది ఏం చేస్తుంది?

స్పాంజ్: మేత ముక్కలను, మలినాన్ని ఆపుతుంది. ఆపిన దాన్ని మనం తీసేయకపోతే అది అక్కడే కుళ్లి ఫాస్ఫేట్‌ను నీటిలోకి వదులుతుంది. స్పాంజ్‌ను ఏళ్ల తరబడి వాడవచ్చు. తొట్టిలోంచి తీసిన నీటిలోనే పిండి కడగాలి. క్లోరిన్ ఉన్న నల్లా నీటిలో కడిగితే మేలు చేసే బ్యాక్టీరియా చచ్చిపోతుంది. మొత్తం కడిగిన తర్వాత చేపలు పోవడానికి తరచుగా ఇదే కారణం.

సిరామిక్ రింగులు: మేలు చేసే బ్యాక్టీరియాకు ఇల్లు. అమ్మోనియా సంగతి చూస్తాయి, ఫాస్ఫేట్‌ను పట్టుకోవు.

యాక్టివేటెడ్ కార్బన్: రంగును, వాసనను లాగుతుంది. ఫాస్ఫేట్ విషయంలో దాని మీద ఆశ పెట్టుకోకండి. అదీ బొగ్గే కదా అని గని బొగ్గు ముక్కలు మాత్రం తొట్టిలో వేయకండి. అందులో గంధకం, ఇతర మలినాలు ఉంటాయి.

రెజిన్ గుళికలు: నీటిలో కరిగిన సేంద్రియ పదార్థాన్ని కుళ్లకముందే పట్టుకుంటాయి. గోధుమ రంగుకు తిరిగాక శుద్ధి చేసి మళ్లీ వాడుకోగల రకాలు ఉన్నాయి.

అల్యూమినియం ఆక్సైడ్, ఐరన్ ఆక్సైడ్ గుళికలు: ఫాస్ఫేట్‌ను నేరుగా పట్టుకునేవి ఇవే. ఫాస్ఫేట్ వచ్చి వాటి ఉపరితలానికి అంటుకుంటుంది. పాఠ్యపుస్తకంలో దీన్నే అధిశోషణం అంటారు. నల్లగొండ ప్రాంతాన్ని వేధించిన ఫ్లోరైడ్‌ను నీటి నుంచి తొలగించడానికి కూడా యాక్టివేటెడ్ అల్యూమినా గుళికలను వాడతారు. గుళికల మీద ఖాళీ చోటు నిండిపోతే ఇక పట్టుకోవడం ఆగిపోతుంది.

మళ్లీ వాడుకోవచ్చా?

కొన్నింటిని వాడుకోవచ్చు. కానీ ‘మళ్లీ వాడదగినది’ అన్నంత మాత్రాన ‘ఇంట్లో శుద్ధి చేయదగినది’ అని కాదు. అల్యూమినా గుళికలకు తిరిగి బలం ఇవ్వాలంటే కాస్టిక్ సోడాలో, తర్వాత ఆమ్లంలో కడగాలి. చర్మాన్ని, కళ్లను కాల్చే రసాయనాలవి. నీటిశుద్ధి కేంద్రాల్లో చేసే పని అది, పిల్లలున్న ఇంట్లో చేసేది కాదు. వాటిని చిన్న వల సంచిలో కట్టి, ముందు దుమ్ము పోయేలా కడిగి వాడండి. పనితనం తగ్గాక మార్చేయండి.

రెజిన్‌ను బ్లీచ్‌తో శుద్ధి చేయమని ప్యాకెట్ మీద రాసి ఉంటే ఆ పని పెద్దవాళ్లే చేయాలి. చేతి తొడుగులు వేసుకుని, గాలి ఆడే చోట చేయండి. బాత్‌రూమ్ కడిగే యాసిడ్‌ను బ్లీచ్ దగ్గరకు రానివ్వకండి. రెండూ కలిస్తే ప్రాణాంతకమైన క్లోరిన్ వాయువు వస్తుంది. శుద్ధి చేసిన రెజిన్‌ను బాగా కడిగి, క్లోరిన్ తీసే మందులో నానబెట్టాకే తొట్టిలో పెట్టాలి.

ఖర్చు లేని ‘మీడియా’ మీ కిటికీలోనే ఉంది

మనీ ప్లాంట్ కొమ్మను వేర్లు నీటిలో, ఆకులు బయట ఉండేలా తొట్టి అంచున నిలబెట్టండి. అది పెరగడానికి నత్రజనితో పాటు ఫాస్ఫేట్‌నూ తీసుకుంటుంది. పెరిగిన కొమ్మను కత్తిరించి తీసేసినప్పుడల్లా దానితో పాటు కొంత ఫాస్ఫేట్ కూడా తొట్టి దాటి వెళ్తుంది.

పిల్లలతో నాలుగు వారాల ప్రయోగం

1. అక్వేరియం షాపులో ఫాస్ఫేట్ టెస్ట్ కిట్ అడగండి. తొట్టి నీటిని, నల్లా నీటిని, బోరు ఉంటే బోరు నీటిని విడివిడిగా పరీక్షించి నోట్‌బుక్‌లో రాయించండి. నల్లా నీటిలోనే ఫాస్ఫేట్ ఉంటే నీళ్లు మార్చి ప్రయోజనం ఉండదు.

2. మేత డబ్బా బాధ్యత ఒక్కరికే ఇవ్వండి. రోజుకు ఒకసారి, రెండు నిమిషాల్లో తినేసేంత మాత్రమే వేయాలి.

3. ప్రతి ఆదివారం నాలుగో వంతు నీళ్లు మార్చండి. కొత్త నీటిలో క్లోరిన్ తీసే మందు కలిపాకే పోయండి. నల్లాలో ఫాస్ఫేట్ లేక, తొట్టిలో కొత్తగా చేరకపోతే లీటరుకు 2 మిల్లీగ్రాములున్నది ఒక వారానికి 1.5, రెండో వారానికి 1.1, మూడో వారానికి 0.8 అవుతుంది. ఈ లెక్క పిల్లలతోనే చేయించండి.

4. ప్రతి వారం పరీక్షించి గ్రాఫ్ గీయించండి. మామూలు మంచినీటి తొట్టికి 1 లోపు లక్ష్యంగా పెట్టుకోవచ్చు. ఇవన్నీ చేశాక కూడా అంకె దిగకపోతేనే గుళికలు కొనండి.

తొట్టిలోంచి తీసిన నీటిని పారబోయకండి, పూలకుండీలకు పోయండి. అది పలుచని ఎరువే. చేపలను సాకలేని పరిస్థితి వస్తే గోదావరిలోనో చెరువులోనో వదలకండి, షాపుకు గాని మరో ఇంటికి గాని ఇవ్వండి. పరాయి చేపలు మన చెరువుల్లో స్థిరపడితే అక్కడి చేపలకూ, వాటిని నమ్ముకున్న మత్స్యకారులకూ నష్టం.