ఐపీ68 ఉంటే సరిపోదా? వెల్డ్ చేసిన సెన్సర్‌కి లీక్ లిమిట్ పెట్టేది ఇలా!

ఫోన్ బాక్స్ మీద ఐపీ68 అని కనిపిస్తే చాలు, మనం వాన గురించి మర్చిపోతాం. కానీ ఆ రేటింగ్ చెప్పేది నీళ్లలో కాసేపు మునిగినా పాడవదని మాత్రమే. ఫ్యాక్టరీ పైప్‌లైన్‌కి బిగించే ప్రెజర్ సెన్సర్ అయితే వేడి, ఆవిరి మధ్య ఏళ్ల తరబడి పనిచేయాలి. లోపల తేమ చేరితే అది వెంటనే చచ్చిపోదు. తప్పు రీడింగ్ చూపిస్తూ పోతుంది, అసలు ప్రమాదం అదే. అందుకే రబ్బర్ సీల్‌ని నమ్ముకోకుండా స్టీల్ బాడీని లేజర్‌తో వెల్డ్ చేస్తారు.

ఇలాంటి సెన్సర్ల టెస్ట్ మెషీన్‌కి నేను కోడ్ రాస్తున్నప్పుడు వచ్చిన మొదటి ప్రశ్న: పాస్, ఫెయిల్ మధ్య గీత ఎక్కడ గీయాలి? "లీక్ సున్నా" అని రాయలేం. సున్నాని కొలిచే మెషీన్ లేదు మరి.

లెక్క సింపులే

సెన్సర్ లోపల ఖాళీ 1 సీసీ అనుకుందాం. లోపలి గాలిలో దాదాపు మూడింట రెండొంతులు బయటి గాలితో మారిపోవడానికి పట్టే టైమ్ ఇది (లీక్ రేటు మిల్లీబార్-లీటర్/సెకనులో):

- 10⁻³ : 17 నిమిషాలు
- 10⁻⁶ : 11-12 రోజులు
- 10⁻⁸ : 3 ఏళ్లు
- 10⁻⁹ : 32 ఏళ్లు

ఖాళీ 0.1 సీసీయే అయితే ఈ టైమ్ పదో వంతుకు పడిపోతుంది. అంటే లిమిట్‌ని తేల్చేది రెండే: లోపలి ఖాళీ ఎంత, ఎన్నేళ్లు బతకాలి.

మరీ టైట్‌గా పెడితే?

టెస్ట్ చేసేది హీలియంతో. మామూలు గాలిలోనే అది సుమారు 5 పీపీఎం ఉంటుంది. లిమిట్ అనవసరంగా బిగిస్తే ఆ బ్యాక్‌గ్రౌండ్ తగ్గేదాకా పంప్ ఆడాలి, మంచి పీసులూ రిజెక్ట్ అవుతాయి. పైగా సన్నటి రంధ్రంలోంచి హీలియం గాలికంటే 2.7 రెట్లు వేగంగా పోతుంది. కాబట్టి హీలియం రీడింగ్‌ని గాలి లెక్కలోకి మార్చాకే పోల్చాలి.

పెద్ద రంధ్రమే పాసైపోతుంది!

సీల్ అయిపోయిన సెన్సర్‌ని ముందు హీలియం ప్రెజర్‌లో ఉంచి, తర్వాత బయటికి వచ్చే హీలియంని కొలుస్తారు. రంధ్రం పెద్దదైతే కొలిచేలోపే హీలియం మొత్తం వెళ్లిపోతుంది. స్క్రీన్ మీద గ్రీన్! అందుకే దీంతోపాటు బబుల్ టెస్ట్ లాంటి గ్రాస్ లీక్ టెస్ట్ తప్పనిసరి.

ఫైనల్‌గా, డేటాషీట్‌లో "హెర్మెటిక్" అన్న మాట ఒక్కటే చూసి ఓకే అనకండి. ఏ గ్యాస్‌తో, ఎంత ప్రెజర్ తేడాలో, ఎంత లీక్ వరకు? ఈ మూడూ ఉంటేనే ఆ నంబర్‌కి అర్థం.