కొత్త నెట్ కనెక్షన్ మొరాయిస్తోందా?

ఇంటికి బ్రాడ్‌బ్యాండ్ పెట్టించుకుని వారం తిరక్కుండానే 'ఇదేం నెట్టు తల్లీ, దీనికంటే ఫోన్లో డేటాయే నయం' అని విసుక్కునే ఇల్లాళ్లు మనలో తక్కువేమీ కాదు. డబ్బు కట్టింది మనవాళ్లే అయినా, అది ఆగిపోయినప్పుడు ఇంట్లో ఉండేది మనం. అత్తగారి సీరియల్ మధ్యలో ఆగినా, పిల్లాడి ఆన్‌లైన్ క్లాసు గిర్రున తిరుగుతూ నిలబడిపోయినా ముందు వినిపించే పిలుపు 'అమ్మా!' అనేదే. ఇక బాగు చేసే అబ్బాయి సరిగ్గా మధ్యాహ్నం రెండింటికి వచ్చి, గుమ్మంలోనే నిలబడి 'సార్ లేరాండీ?' అంటాడు. లేరు నాయనా, ఉన్నది నేనే, నాకే చెప్పు అనగలగాలంటే ఆ పెట్టె గురించి నాలుగు విషయాలు తెలిసి ఉండాలి. మిక్సీ, గ్రైండర్ల సంగతి తెలిసిన మనకి ఇదేమంత బ్రహ్మవిద్య కాదు.

మున్సిపాలిటీ కుళాయిని తలుచుకోండి. వంటింట్లో నీళ్లు రాకపోతే ఏం చేస్తాం? ముందు వీధి కుళాయిలో వస్తున్నాయా అని చూస్తాం. అక్కడ వస్తుంటే మన ట్యాంకు చూస్తాం. ట్యాంకు నిండుగా ఉంటే వంటింటి పంపులోనే నలక పడిందనుకుంటాం. నెట్ కూడా ఇంతే. స్తంభం నుంచి మన పెట్టె దాకా వచ్చే వైరు ఒక భాగం, పెట్టె నుంచి గాలిలో ఫోనుకి, టీవీకి వెళ్లే వైఫై రెండో భాగం, ఆ ఫోనో టీవీయో మూడో భాగం. రోగం ఈ మూడింటిలో ఎక్కడుందో తెలిస్తే సగం పని అయిపోయినట్టే. ఇంట్లో ఒక్క ఫోనులోనే రావడం లేదా, అన్నిటిలోనూ రావడం లేదా అన్నది మొదట చూడండి. ఒక్కదాంట్లోనే అయితే తప్పు ఆ ఫోనుది. అందులో వైఫై పేరుని ఒకసారి తీసేసి, మళ్లీ పాస్‌వర్డ్ కొడితే చాలాసార్లు దారికొస్తుంది. దానికోసం కంపెనీకి ఫోన్ చేసి అరగంట పాట వినక్కర్లేదు.

దీపాలు చూడండి

ఇప్పుడు చాలా ఇళ్లకు వస్తున్నది ఫైబర్. పాత టెలిఫోన్ వైర్లలో రాగి తీగ ఉండేది, ఇందులో వెంట్రుకలాంటి సన్నని గాజు పోగు ఉంటుంది. అందులో ప్రయాణించేది కరెంటు కాదు, వెలుతురు. ఆ వెలుతురుని నెట్‌గా మార్చేదే గోడకి తగిలించిన తెల్ల పెట్టె. దాని ముందు వరుసగా వెలిగే చిన్న దీపాలే దాని నాడి.

పవర్ అన్నది కరెంటుకి గుర్తు. పాన్ అని ఉన్నది కదలకుండా పచ్చగా వెలుగుతుంటే, కంపెనీ వాళ్ల యంత్రంతో మన పెట్టె మాట్లాడుతోందన్నమాట. అది ఆగి ఆగి వెలుగుతుంటే ఇంకా ప్రయత్నంలో ఉంది. ఎల్ఓఎస్ అని ఇంకో దీపం ఉంటుంది. అది మామూలుగా ఆరిపోయి ఉండాలి. ఎర్రగా కొట్టుకుంటుంటే వైరులో వెలుతురు మన దాకా రావడం లేదని అర్థం. అప్పుడు మీరు పెట్టెని వందసార్లు ఆపి వెలిగించినా లాభం లేదు. పాన్ పచ్చగానే ఉండి, ఇంటర్నెట్ అన్న దీపం మాత్రం వెలగకపోతే వైరు బాగానే ఉంది, లెక్కలోనే తేడా. రీచార్జి గడువు అయిపోయి ఉండవచ్చు, లేదా పెట్టెలో ఎక్కించిన యూజర్ నేమ్, పాస్‌వర్డ్ చెదిరి ఉండవచ్చు. దీపాల పేర్లు, రంగులు కంపెనీని బట్టి కాస్త మారతాయి కనుక, అంతా బాగున్న రోజున మీ పెట్టెని ఫోన్లో ఒక ఫోటో తీసి ఉంచుకోండి. పాడైన రోజున పక్కన పెట్టి చూసుకుంటే ఏది మారిందో ఇట్టే తెలుస్తుంది.

మొన్నామధ్య మా పై వాటాలో వదినగారి ఇంట్లో నెట్ పోయింది. మామూలు రోజైతే ఫరవాలేదు. వాళ్ల అమ్మాయికి ఇంజనీరింగ్ కౌన్సెలింగ్‌లో కాలేజీల ఆప్షన్లు పెట్టుకోవడానికి అదే ఆఖరి రోజు. ఆ పిల్ల అప్పటికే ఏడుపు మొహం పెట్టింది. వదినగారు కంపెనీకి ఫోన్ చేస్తే అవతలి అబ్బాయి 'ఒకసారి ఆఫ్ చేసి ఆన్ చేయండి మేడమ్, సార్ ఉంటే ఫోన్ ఇవ్వండి' అని అదే పాట. నేను ఫోన్ తీసుకుని 'చూడు బాబూ, ఎల్ఓఎస్ ఎర్రగా కొట్టుకుంటోంది. పాన్ ఆరిపోయింది. గోడ దగ్గర్నుంచి పెట్టె దాకా వైరు ఎక్కడా నలగలేదు. తప్పు బయటుంది. మనిషిని పంపించు, కంప్లైంట్ నంబరు చెప్పు' అన్నాను. అవతల ఒక్క క్షణం మాట లేదు. తర్వాత నంబరు చెప్పాడు, సాయంత్రానికి మనిషి వచ్చాడు. పొద్దున కరెంటు వాళ్లు చెట్టు కొమ్మలు కొట్టినప్పుడు స్తంభం దగ్గర ఫైబర్ తెగిపోయిందట. ఈలోగా ఆ పిల్లని ఏడుస్తూ కూర్చోనివ్వలేదు. వాళ్ల అమ్మ ఫోన్లో హాట్‌స్పాట్ పెట్టి, కంప్యూటర్‌కి కలిపి ఆప్షన్లు పెట్టించాం. ముఖ్యమైన పని ఉన్న రోజుకి ఫోన్లో కాస్త డేటా మిగుల్చుకోవడం ఎప్పుడూ మంచిదే.

ఆ వైరు దగ్గర మాత్రం జాగ్రత్త. గాజు కాబట్టి మడత పెడితే విరుగుతుంది. విరక్కపోయినా, గట్టిగా వంచితే లోపలి వెలుతురు ఆ వంపు దగ్గరే కారిపోతుంది. సోఫా వెనక నొక్కుకుపోవడం, తలుపు సందులో నలగడం, అందంగా ఉంటుందని చిన్న చుట్టగా చుట్టి రబ్బరు బ్యాండు వేయడం, ఇవన్నీ కూడదు. దులపాలని కొసని పీకి నోటితో ఊదకండి, వేలితో తుడవకండి. కంటికి ఎదురుగా పెట్టి లోపలికి అసలు చూడకండి. అందులో వచ్చే వెలుతురు కంటికి కనపడదు గానీ, కంటికి మంచిది కాదు. పిల్లలకీ ఈ మాట చెప్పి ఉంచండి.

ఆపి వెలిగించడం వేరు, రీసెట్ వేరు

పెట్టె స్విచ్ ఆపి, రెండు నిమిషాలు ఆగి మళ్లీ వేయడంలో తప్పు లేదు. వేశాక మూడు నాలుగు నిమిషాలు ఓపిక పట్టాలి. అది నిద్ర లేచి తన పనిలో పడటానికి ఆ మాత్రం సమయం కావాలి. కానీ వెనకాల పిన్నీసు దూరేంత చిన్న కన్నం ఉంటుంది చూడండి, అది రీసెట్. దాన్ని నొక్కి పట్టుకుంటే ఆ అబ్బాయి ఎక్కించి వెళ్లిన వివరాలన్నీ చెరిగిపోతాయి. ఇక వాళ్లు వచ్చేదాకా నెట్ ఉండదు. పక్కింటి కుర్రాడు తెలివి చూపించబోయి పిన్నీసు తీస్తే చెయ్యి పట్టుకోండి.

పెట్టె ఎక్కడ పెట్టాలి?

నన్నడిగితే సగం ఇళ్లలో బాధ ఇక్కడే. వైరు కలిసొస్తుందని వీధి గుమ్మం పక్కనే, టీవీ వెనకాల పెట్టేసి పోతారు. పడగ్గదిలో సిగ్నల్ ఉండదు. ఆ అబ్బాయి డ్రిల్లు తీయకముందే 'ఇంటి మధ్యలో, మనిషి ఎత్తున పెట్టు' అని చెప్పండి. ఇంకో పది మీటర్లు వైరు పడితే పడనీయండి, ఆ డబ్బు వృథా కాదు. ఇనప బీరువా వెనక, నిలువుటద్దం పక్కన, చేపల తొట్టి దగ్గర వద్దు. ఇనుము వైఫైని వెనక్కి కొడుతుంది, నీళ్లు మింగేస్తాయి. దుమ్ము పడుతుందని గుడ్డ కప్పకండి, పెట్టె వేడెక్కుతుంది.

మీ వైఫైలో రెండు పేర్లు కనిపిస్తుంటే, ఒకటి 2.4 గిగాహెర్ట్జ్, రెండోది 5 గిగాహెర్ట్జ్. మొదటిది దూరం పోతుంది కానీ వేగం తక్కువ. రెండోది వేగం, కానీ రెండు గోడలు దాటేసరికి నీరసపడిపోతుంది. పెట్టె ఉన్న గదిలోని టీవీకి 5, దూరపు గదిలోని ఫోనుకి 2.4 కలపండి. మైక్రోవేవ్ ఓవెన్ పనిచేసేది కూడా సుమారు 2.4 గిగాహెర్ట్జ్ దగ్గరే. అందుకే కొన్ని ఇళ్లలో కూర వేడి చేస్తున్నంతసేపూ వంటింట్లో వీడియో ఆగి ఆగి వస్తుంది. అది కనెక్షన్ తప్పు కాదు. మేడ మీదికి సిగ్నల్ అందకపోతే స్లాబుతో పోట్లాడి లాభం లేదు, పైకి ఒక ల్యాన్ వైరు లాగి అక్కడ రెండో రౌటర్ పెట్టించుకోవాలి.

వంద అంటే వందేనా?

100 ఎంబీపీఎస్ ప్లాన్ తీసుకుంటే సెకనుకి 100 ఎంబీ సినిమా దిగిపోతుందనుకుంటాం. ఇక్కడ చిన్న తిరకాసు ఉంది. వాళ్లు చెప్పేది బిట్ల లెక్క, మన ఫైళ్లు కొలిచేది బైట్లలో. ఎనిమిది బిట్లు ఒక బైటు కనుక, 100 ఎంబీపీఎస్ అంటే సెకనుకి 12.5 మెగాబైట్లే. 1000 మెగాబైట్ల సినిమా దిగాలంటే ఎంత బాగా వచ్చినా 80 సెకన్లు పడుతుంది. అయినా మంచి బొమ్మతో సినిమా చూడటానికి సుమారు 5 ఎంబీపీఎస్ సరిపోతుంది. నలుగురున్న ఇంటికి 100 ధారాళం. ఇంకా ఎక్కువ ప్లాన్‌కి మారండని ఫోన్లు చేస్తూనే ఉంటారు, మీ వైఫై గోడ దాటకపోతే ప్లాన్ పెంచి మాత్రం ఏం లాభం?

వేగం చూడాలనుకుంటే పెట్టె ఉన్న గదిలోనే నిలబడి, మిగతావి ఆపేసి, ఒక్క ఫోనుని 5 గిగాహెర్ట్జ్‌కి కలిపి స్పీడ్ టెస్ట్ చేయండి. వీలైతే కంప్యూటర్‌కి వైరుతో కలిపి చూస్తే ఇంకా నికార్సైన లెక్క. పెట్టె దగ్గర 95 వచ్చి పడగ్గదిలో 10 వస్తే తప్పు మన గోడలది. పెట్టె దగ్గరే 10 వస్తే కంపెనీని నిలదీయవచ్చు. పొద్దున బాగుండి రోజూ రాత్రి తొమ్మిదింటికే పడిపోతుంటే, తేదీ, టైము వేసి నాలుగు రోజులు రాసుకోండి. కాగితం చూసి చెప్పే మాటకి బరువుంటుంది.

ఇక కరెంటు కోత. ఇన్వర్టర్ ఉన్నవాళ్లు పెట్టెని ఇన్వర్టర్ లైనులోని ప్లగ్గుకే పెట్టించుకోండి. లేనివాళ్లకి రౌటర్ల కోసమే చిన్న యూపీఎస్‌లు దొరుకుతున్నాయి. కొనేముందు మన అడాప్టర్ మీద ఎన్ని వోల్టులు రాసి ఉందో చూసుకోవాలి. ఎక్కువగా 12 ఉంటుంది. అడాప్టర్లు అటూ ఇటూ మార్చి పెడితే పెట్టె కాలిపోతుంది.

డబ్బు దగ్గర

పెట్టె కింద అంటించిన పాస్‌వర్డ్ మొదటి రోజే మార్పించండి. ఫోన్ నంబరు, పిల్లల పేరు పెట్టకండి. 'మీ కనెక్షన్ కట్ అవుతుంది, ఈ యాప్ వేసుకోండి, ఓటీపీ చెప్పండి' అని ఎవరైనా ఫోన్ చేస్తే మాట్లాడకుండా పెట్టేయండి. నెట్ బాగు చేయడానికి ఓటీపీతో పని ఉండవచ్చు గానీ, అది మనం కంప్లైంట్ ఇచ్చాక మనింటికి వచ్చిన మనిషితోనే. బ్యాంకు ఓటీపీ అయితే ఎవరికీ కాదు. పొరపాటున డబ్బు పోతే ఆలస్యం చేయకుండా 1930కి ఫోన్ చేయాలి.

ఆరు నెలలకి ఒకేసారి కడితే తగ్గింపు ఇస్తామంటారు. కొత్త కంపెనీ అయితే ముందు ఒక్క నెల కట్టి చూడండి. చెప్పిన రేటు మీద 18 శాతం జీఎస్టీ పడుతుందని గుర్తుపెట్టుకుని అడగండి, '500' అన్నది చేతికి వచ్చేసరికి 590 అవుతుంది.

కంప్లైంట్ ఇచ్చిన ప్రతిసారీ నంబరు తీసుకోండి. వాళ్లు బాగు చేయకపోతే అదే కంపెనీలో అప్పీలు వినే అధికారి ఉంటారు. 2012లో ట్రాయ్ పెట్టిన నిబంధనల ప్రకారం ఆ అప్పీలుకి ఫీజు లేదు, 39 రోజుల్లో తేల్చాలి. ఆ నంబరు లేకపోతే అప్పీలు ముందుకు సాగదు. నచ్చక మానుకుంటే పెట్టె, అడాప్టర్ వాపసు ఇచ్చినట్టు కాగితం మీదో, మెసేజీగానో రాయించుకుని, అప్పుడే డిపాజిట్ సంగతి అడగండి.