అక్షరం ఆలస్యమైనా... కథ ఆగొద్దు!

తోటి పిల్లలు గడగడా చదివేస్తుంటారు. మనవాడు మాత్రం ఇంకా కూడబలుక్కుంటూనే ఉంటాడు. అమ్మకి బెంగ, నాన్నకి కోపం. వాడికేమో పుస్తకమంటేనే భయం! చదవడం కాస్త ఆలస్యమైనా ఫర్వాలేదు. పుస్తకం మీద ఇష్టం పోకుండా ఉండాలంటే పెద్దలేం చేయాలి?

ఎంత చెప్పినా కొడుక్కి చదవడం రావట్లేదు. నేర్పుతున్న తండ్రికి ఓపిక నశించింది. చేతిలోని వాచకాన్ని పిల్లాడి తలకేసి విసిరికొట్టాడు. తర్వాతి ఆదివారం ఆ పాఠం తప్పించుకోడానికి పిల్లాడు బుద్ధిగా చర్చికి వెళ్లిపోయాడు!

ఇది సుమారు నూటయాభై ఏళ్ల కిందట ఓ ఐర్లండు కుటుంబంలో జరిగిన సంగతి. అంతకుముందే చుట్టాలు కొందరు ఆ పిల్లాడికి చదవడం నేర్పబోయి చేతులెత్తేశారు. ఈడు పిల్లలంతా చదివేస్తున్నా వీడికి రాకపోయేసరికి బుర్ర సరిగా ఎదగలేదేమో అనుకున్నారు. తండ్రి మాత్రం వదల్లేదు. మెల్లగా దారికి తెచ్చుకున్నాడు. కొడుక్కి ఎనిమిదో తొమ్మిదో ఏళ్లున్నప్పుడు ఇంకో పనీ చేశాడు. సముద్రం ఒడ్డున గడ్డిలో కూర్చోబెట్టుకుని, ప్రాచీన రోము వీరగాథలని తానే పైకి చదివి వినిపించాడు. ఆ తర్వాత 'ఐవన్‌హో' నవల. ఆ ఒడ్డున విన్న కవిత్వం తన మనసుని కదిలించిందని పెద్దయ్యాక ఆ కొడుకు రాసుకున్నాడు.

ఆ పిల్లాడి పేరు విలియం బట్లర్‌ యేట్స్‌. 1912లో రవీంద్రుడి ఆంగ్ల 'గీతాంజలి'కి ముందుమాట రాసిందీ, 1923లో సాహిత్యంలో నోబెల్‌ అందుకున్నదీ ఆయనే. స్పెల్లింగులు మాత్రం జీవితాంతం తప్పులే!

ఆలస్యంగా చదివిన ప్రతి పిల్లాడూ యేట్స్‌ అయిపోడు. అవ్వాల్సిన అవసరమూ లేదు. కానీ ఆ తండ్రి చేసిన రెండు పనుల్లో పిల్లాణ్ని పుస్తకానికి దూరం చేసిందేదో, దగ్గర చేసిందేదో తెలుస్తూనే ఉంది.

మాటలు విసురుతున్నామా?

మన ఇళ్లలో పుస్తకాలు విసరకపోయినా మాటలు విసురుతుంటాం. 'పక్కింటి పాప యూకేజీలోనే పేపరు చదివేస్తోంది. నువ్వు రెండో తరగతికొచ్చి ఏం లాభం?' అంటాం. చుట్టాలొస్తే 'ఏదీ, మావయ్యకి ఒక పేజీ చదివి వినిపించు నాన్నా' అని పుస్తకం చేతికిస్తాం. వాడు రెండు పదాలు చదివి మూడోదాని దగ్గర ఆగిపోతాడు. గదిలో ఎవరో నవ్వుతారు. ఆ సాయంత్రం వాడు నేర్చుకునే పాఠం ఒక్కటే... పుస్తకం పట్టుకుంటే పరువు పోతుంది!

ఇక అక్కణ్నుంచి ఎత్తులు మొదలవుతాయి. చదవమనగానే దాహం వేస్తుంది, కడుపునొప్పి వస్తుంది. కొందరు పిల్లలైతే టీచరు చదువుతున్నప్పుడు విని పాఠమంతా బట్టీ పట్టేసి, వేలు ఒక లైను మీద, మాట ఇంకో లైను మీద పెట్టి చదివినట్టు నటిస్తారు. అది మోసం అనుకుంటాం. నిజానికి అది భయం.

పిల్లలందరికీ ఒకే వయసులో నడక రాదు, మాట రాదు. చదవడమూ అంతే. పైగా నడకలా అది దానంతటదే వచ్చేదీ కాదు. ఎవరో ఒకరు నేర్పాలి, సాధన చేయించాలి. మాటలు ఆలస్యంగా వచ్చిన పిల్లల్లో కొందరికి చదవడమూ ఆలస్యమవుతుంది. ఎందుకంటే అచ్చులో కనిపించే పదం ముందు చెవికి పరిచయమై ఉండాలి కదా!

మన లిపి చిన్నదా?

తెలుగు చదవడమంటే యాభై ఆరు అక్షరాలు గుర్తుపట్టడంతో అయిపోదు. ఒక్కో హల్లుకీ గుణింతం ఉంది. దీర్ఘం, గుడి, కొమ్ము, ఏత్వం... ఏది చేరినా రూపం మారిపోతుంది. అన్నీ కలిపితే వందల రూపాలు. ఆపైన వత్తులు. క వత్తు, ప వత్తుల్లాంటివి అసలు అక్షరాన్ని కాస్తయినా గుర్తుచేస్తాయి. త, న, మ, య, ర, ల వత్తులకి తల్లి అక్షరంతో పోలికే కనిపించదు! ఇక మ-య, ప-ష, ద-ధ-థ అయితే కవలలే. పెద్దలకి అలవాటైపోయి ఈ కష్టం గుర్తుండదు.

మన లిపికి తోబుట్టువులాంటి కన్నడం మీద పరిశోధకురాలు సోనాలీ నాగ్‌ చేసిన అధ్యయనం 2007లో ప్రచురితమైంది. అక్షరరూపాల మీద పట్టు ఒకటో తరగతితో పూర్తికాదనీ, నాలుగో తరగతి దాకా ఆ నేర్చుకోవడం సాగుతూనే ఉంటుందనీ అందులో తేలింది. మన పిల్లలు దీంతోపాటే ఇంగ్లిషు పెద్ద బడీ, చిన్న బడీ కూడా మోస్తున్నారు. రెండో తరగతి పిల్లాడు 'శాస్త్రం' దగ్గర తడబడితే మొద్దు అనేయడం ఎంతవరకూ న్యాయం?

ముందు మొదలెడితే ముందుంటారా?

న్యూజిలాండ్‌లోని ఒటాగో విశ్వవిద్యాలయ పరిశోధకులు ఇదే పరిశీలించారు. ఐదేళ్లకే చదవడం మొదలుపెట్టిన పిల్లల్నీ, ఏడేళ్లకు మొదలుపెట్టిన పిల్లల్నీ పోల్చి చూశారు. తొలి ఏళ్లలో మొదటివాళ్లదే పైచేయి. పదీ పదకొండేళ్లు వచ్చేసరికి రెండోవాళ్లు అందుకున్నారు. 2013లో ప్రచురితమైన ఈ అధ్యయనంలో అసలు గమనించాల్సింది ఇంకోటుంది. ఆలస్యంగా మొదలెట్టిన పిల్లలు అంతవరకూ ఊరికే కూర్చోలేదు. వాళ్ల బడుల్లో కథలకీ, పాటలకీ, ఆటలకీ పెద్దపీట. ఫిన్లండ్‌లోనూ పిల్లలు ఒకటో తరగతిలో చేరేది ఏడో ఏట!

అసలు ప్రమాదం ఆలస్యంలో కన్నా, ఆ మధ్యకాలంలో మనసు విరిగిపోవడంలో ఉంది. బాగా చదివే పిల్లలు ఎక్కువ చదువుతారు. ఎక్కువ చదివేకొద్దీ కొత్త మాటలు తెలుస్తాయి, చదవడం ఇంకా తేలికవుతుంది. తడబడే పిల్లలు తక్కువ చదువుతారు. దాంతో మరింత వెనకబడతారు. మనస్తత్వ శాస్త్రవేత్త కీత్‌ స్టానోవిచ్‌ 1986లో దీన్ని విడమరిచి చెప్పారు. అంటే... ఏడేళ్ల పిల్లాడు 'నాకు చదవడం రాదు' అనుకుంటే సర్దుకోవచ్చు. 'నాకు చదవడం ఇష్టంలేదు' అనుకుంటేనే కష్టం!

ముందు చెవి... తర్వాత కన్ను

వాడికి చదవడం రాకపోవచ్చు. వినడం వచ్చు కదా! రెండో తరగతి వాచకం చదవలేని పిల్లాడు కూడా రామాయణంలోని మలుపులన్నీ నోరు తెరుచుకుని వింటాడు. కాబట్టి రోజూ పదిహేను నిమిషాలు పెద్దలే చదివి వినిపించాలి. రాత్రి అన్నాలయ్యాక నాన్నమ్మ పక్కన పడుకున్నప్పుడైనా సరే, పొద్దున్న అమ్మ జడవేస్తున్నప్పుడైనా సరే.

చదివాక ప్రశ్నలు వేయొద్దు. 'నీతి ఏంటి?' అని అడిగితే కథ కాస్తా పరీక్ష అయిపోతుంది. ఆసక్తిగా ఉన్నచోట ఆపి 'ఇప్పుడేం జరుగుతుందంటావ్‌?' అంటే చాలు. ఒకే కథని ఇరవైసార్లు అడిగినా విసుక్కోవద్దు. తెలిసిన కథ కాబట్టి ఈ పేజీలో 'పులి' అనే మాట ఉంటుందని వాడికి తెలుసు. ఆ ధైర్యంతోనే అక్షరాల్లో దాన్ని వెతుక్కుంటాడు. ఆరేళ్లొచ్చాయి, ఇక సొంతంగా చదువుకోమని వినిపించడం మానేసే ఇళ్లే ఎక్కువ. ఆలస్యంగా ఎదిగే పిల్లలకి పదేళ్లొచ్చినా అది కావాలి.

వాడి మాటే వాడి వాచకం

న్యూజిలాండ్‌లో మావోరీ పిల్లలకి పాఠాలు చెప్పిన సిల్వియా ఆష్టన్‌ వార్నర్‌ ఓ చిత్రమైన పని చేసేది. వాచకం పక్కన పెట్టి, 'ఇవాళ నీకే మాట కావాలి?' అని ఒక్కొక్కర్నీ అడిగేది. వాళ్లు చెప్పింది అట్టముక్క మీద రాసిచ్చేది. పిల్లాడు కోరుకున్న మాట ఒక్కసారికే గుర్తుండిపోయేది. ఆ అనుభవాలతో ఆమె రాసిన 'టీచర్‌' పుస్తకం 1963లో వచ్చింది.

ఇది మన ఇంట్లోనూ చేయొచ్చు. తాతయ్య వాళ్ల ఊళ్లో గేదె తరిమిన సంగతి వాడు చెబుతుంటే అమ్మ వాడి మాటల్లోనే నాలుగు లైన్లు రాయాలి. వాడు బొమ్మ వేస్తాడు. అదే వాడి మొదటి పుస్తకం! అందులో ప్రతి మాటా వాడిదే కాబట్టి చదవడానికి భయముండదు.

కాస్త చదవడం మొదలయ్యాక ఇద్దరూ కలిసి పైకి చదవొచ్చు. 1970ల్లో బ్రిటన్‌లో రూపుదిద్దుకున్న పద్ధతి ఇది. పెద్దవాళ్లూ పిల్లాడూ ఒకే పుస్తకం పట్టుకుని ఒకే వేగంతో చదువుతారు. సొంతంగా చదవాలనిపిస్తే వాడు చేత్తో తడతాడు. పెద్దవాళ్లు ఆగిపోతారు. ఎక్కడైనా తడబడితే నాలుగైదు సెకన్లు చూసి, ఆ మాట చెప్పేసి, మళ్లీ గొంతు కలుపుతారు. తిట్టడాలుండవు, 'మళ్లీ మొదట్నుంచి' ఉండదు.

బస్సు బోర్డూ పుస్తకమే!

ఎనిమిదేళ్లవాడి చేతికి ఎల్‌కేజీ పుస్తకమిస్తే సిగ్గుపడతాడు. మాటలు తేలిగ్గా ఉండాలి, విషయం మాత్రం వాడి వయసుకి తగ్గట్టుండాలి. క్రికెట్‌ పిచ్చి ఉంటే స్కోరుబోర్డూ, ఆటల పేజీ శీర్షికలూ చదవనివ్వండి. బస్సు మీది ఊరి పేరు, సినిమా పోస్టరు, కిరాణా చీటీ, బిస్కెట్‌ పొట్లం... అన్నీ చదువే. బొమ్మల కథలు చదివితే చదివినట్టు కాదనే పట్టింపు వద్దు. 1947 జులైలో మొదలైన 'చందమామ' మన ఇళ్లలో ఎందరినో పాఠకుల్ని చేసిందంటే వడ్డాది పాపయ్య ముఖచిత్రాలకీ, శంకర్‌ గీసిన విక్రమార్కుడికీ అందులో వాటా ఉంది మరి!

ఎదురుచూపు ఎంతవరకు?

'వాడే నేర్చుకుంటాడులే' అని పూర్తిగా వదిలేయడమూ తప్పే. ముందుగా కంటిచూపు, వినికిడి పరీక్ష చేయించాలి. బోర్డు కనపడకా, మాట సరిగా వినపడకా వెనకబడే పిల్లలుంటారు. రెండేళ్లు శ్రద్ధగా నేర్పినా అక్షరాలు గుర్తుపట్టలేకపోవడం, ప్రాసమాటలు పట్టుకోలేకపోవడం, నోటితో చక్కగా చెప్పే జవాబు రాయలేకపోవడం, ఇంట్లో ఇంకొకరికీ ఇదే ఇబ్బంది ఉండటం... ఇలాంటివి కనిపిస్తే డిస్లెక్సియా ఉందేమో నిపుణులకి చూపించాలి. తెలివితేటలకీ దీనికీ సంబంధం లేదు. 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టం గుర్తించిన 21 వైకల్యాల్లో ఈ అభ్యసన లోపాలూ ఉన్నాయి. పరీక్షల్లో అదనపు సమయంలాంటి సౌకర్యాలూ లభిస్తాయి.

నడక, మాట, చదువు అన్నీ ఆలస్యమయ్యే పిల్లలకైతే సాయం ఇంకా ముందే అందాలి. 2013లో మొదలైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం కింద పుట్టుక నుంచి పద్దెనిమిదేళ్ల దాకా ఉచితంగా పరీక్షలు చేస్తారు. తెలుగు రాష్ట్రాల్లో ప్రత్యేక అవసరాల పిల్లల కోసం భవిత కేంద్రాలున్నాయి. ఈ పిల్లల్లో కొందరు ఎప్పటికీ లావుపాటి నవల చదవకపోవచ్చు. అయినా బొమ్మ చూసి నవ్వడానికీ, కథలో కుందేలు తప్పించుకుంటే చప్పట్లు కొట్టడానికీ వాళ్లకీ హక్కుంది.

ఈ రాత్రికి పుస్తకం తెరవండి. 'చదువు' అనకుండా 'విను' అనండి. మధ్యలో ఎప్పుడో ఒకరోజు, పేజీ తిప్పబోయే మీ చేతిని ఆపి 'ఉండమ్మా, ఈ మాట నేను చెబుతా' అంటాడు. అదెప్పుడన్నది వాడిష్టం. ఆ రోజు దాకా కథ ఆగకుండా చూడటమే మన వంతు!

ఇలా చేసి చూడండి
* పుస్తకాలు బీరువాలో కాకుండా వాడి చేతికందే ఎత్తులో ఉండాలి.
* మార్కులతో, అక్కాచెల్లెళ్లతో, పక్కింటి పిల్లలతో పోలిక వద్దు. నెల కిందటి వాడితోనే వాణ్ని పోల్చండి.
* అల్లరి చేస్తే 'పది పేజీలు చదువు' అని శిక్ష వేయకండి.
* చెల్లికో తమ్ముడికో కథ చదివిపెట్టే పని అప్పగించండి. చిన్న పుస్తకం చదవడానికి అదో గౌరవమైన సాకు!
* అమ్మానాన్నల చేతుల్లోనూ పుస్తకం కనిపించాలి, ఫోనే కాదు.

ఎక్కడ దొరుకుతాయి?
* ప్రథమ్‌ బుక్స్‌ 2015లో ప్రారంభించిన స్టోరీవీవర్‌లో తెలుగు బొమ్మల కథల్ని ఉచితంగా చదువుకోవచ్చు. చదివే స్థాయిని బట్టి విడగొట్టి ఉంటాయి.
* నేషనల్‌ బుక్‌ ట్రస్టు 'నెహ్రూ బాల పుస్తకాలయం' వరసలోని పుస్తకాలు, మంచి పుస్తకం సంస్థ ప్రచురణలు పుస్తక ప్రదర్శనల్లో తక్కువ ధరకే దొరుకుతాయి.
* ఊళ్లోని శాఖా గ్రంథాలయంలో వాడి పేరు మీదే సభ్యత్వం తీసుకోండి. సొంత కార్డు చూసుకున్న మురిపెం సగం పని చేస్తుంది.