మగ్గానికి అడ్డకడ్డీ, కారుకూ అడ్డకడ్డీ

సోలాపూర్ పూర్వ భాగ్‌లో, మా పద్మశాలీల వీధుల్లో, పవర్‌లూమ్ ఫ్రేములకు వెల్డింగ్ చేస్తూ పెరిగాను. రెండు పక్కలను పట్టి ఉంచే అడ్డకడ్డీ వదులైతే మగ్గం ఊగిపోతుంది, నేత చెడుతుంది. నా పాత మారుతి 800 మలుపుల్లో తూలినప్పుడు ఆ కడ్డీయే గుర్తొచ్చింది.

ఆ కారు ముందు చక్రాలవి మెక్‌ఫర్సన్ స్ట్రట్లు, అంటే స్ప్రింగూ షాక్ అబ్జార్బరూ కలిసిన నిలువు కాళ్లు. వాటి పైకొసలు బాడీ రేకులోని రెండు గూళ్లలో కూర్చుంటాయి. మలుపులో బరువు ఒక గూటి మీద పడితే అది వెంట్రుకవాసి వంగినా చక్రం వాలు మారుతుంది. ఇంజిన్ మీదుగా రెంటినీ కలిపే కడ్డీ ఆ వంపును తగ్గిస్తుంది. సస్పెన్షన్‌లో అరిగిన రబ్బరు బుష్‌లను మాత్రం బాగుచేయదు. అందుకే ముందు వాటిని మార్చాను.

అట్టముక్క మీద బోల్టు రంధ్రాల అచ్చు తీసి, ఇనుప ప్లేట్లు కోసి, మధ్యన తిన్నని గొట్టం పెట్టాను. వంకర గొట్టమైతే బరువుకు అదే వంగుతుంది. బానెట్ తగలకుండా ఎత్తు చూసుకోవాలి. మొదటిసారి ఒకే పక్క ఏకబిగిన వెల్డ్ చేశాను. వేడికి ప్లేటు లాగేసి రంధ్రాలు కలవలేదు. రెండోసారి ప్లేట్లను బల్లకు బిగించి, నాలుగు చోట్ల వెల్డ్ చుక్కలు పెట్టి, అటొక ముక్క ఇటొక ముక్కగా అతికించాను. పెట్రోలు బండి దగ్గర నిప్పురవ్వలు వద్దు, పనంతా బల్ల మీదే. జింకు పూత గొట్టమూ వద్దు, ఆ పొగ జ్వరం తెప్పిస్తుంది.

స్టీరింగు, కింది ఆర్ములు? వాటి జోలికి నా వెల్డింగ్ రాడ్ వెళ్లదు.